సగం కట్టిన మేడ మీద బైరి డేగ

మా ఇంటి వెనక ఒక అపార్ట్‌మెంటు సగంలో ఆగిపోయి ఉంది. స్థలం ఇచ్చినవాళ్లకూ కట్టేవాళ్లకూ మధ్య కోర్టు తగాదా అని చెప్పుకుంటారు. స్తంభాలూ స్లాబులూ లేచాయి కానీ గోడలు అక్కడక్కడే ఉన్నాయి. పైన ఇనుప చువ్వలు తుప్పు పట్టి, వాన పడ్డప్పుడల్లా సిమెంటు మీద ఎర్రటి చారలు దించుతుంటాయి. శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్లే దారిలో మా కాలనీ. ఇలాంటి మేడలు మాకు కొత్త కాదు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. నేనూ పట్టించుకునేదాన్ని కాదు. కానీ ఒక ఏడు వానలు వెనకబట్టాక దాని లిఫ్టు గది మీదికి ఒక డేగ వచ్చింది.

బట్టలు ఆరేస్తూ చూశాను. ముందు గద్ద అనుకున్నాను. కోళ్ల ఫారాల పుణ్యమా అని మా వైపు నల్ల గద్దలకు కొదవ లేదు. అయితే గద్ద ఒళ్లు వదిలేసినట్టు కూర్చుంటుంది. ఇది నిటారుగా, భుజాలు విరుచుకుని కూర్చుంది. లోపలికి పరిగెత్తి కెమెరా తెచ్చి చూస్తే నల్లని తల, కంటి కింద మీసం దిద్దినట్టు ఒక చార, తెల్లని రొమ్ము మీద సన్నటి అడ్డగీతలు. బైరి డేగ. చలికాలం గడపడానికి ఎక్కడో ఉత్తరం నుంచి వచ్చే పక్షి. పుస్తకంలో బొమ్మ చూడటమే తప్ప అప్పటిదాకా కళ్లారా చూసింది లేదు. తడిబట్టల బకెట్టు సంగతే మరిచిపోయాను. మధ్యాహ్నానికి బట్టలు ముడతలతోనే ఆరిపోయాయి.

నేను మేడ్చల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. పొద్దంతా కిటికీ లేని గదిలో ఉండే ఉద్యోగం. ఊపిరి పీల్చండి, బిగబట్టండి, వదలండి. రోజంతా ఎదుటివాళ్లతో నేను మాట్లాడే మాటలు దాదాపు అవే. ఒకసారి మా ఆయన, తన స్నేహితుడు వాడకుండా పక్కన పడేసిన కెమెరా ఒకటి ఇంటికి తెచ్చాడు. సెలవు రోజుల్లో శామీర్‌పేట చెరువు గట్టున కొంగలతో మొదలుపెట్టాను. గాలీ వెలుతురూ ఉన్నచోట నిలబడి ఒకదాన్ని తనివితీరా చూడటం నాకు చాలా అవసరమని అప్పుడే తెలిసింది.

మా ప్రహరీ గోడకు ఆనుకుని చాచా ఇల్లు. కాలనీ ప్లాట్లు కొట్టకముందు నుంచీ ఉన్న ఊరి ఇల్లు అది. చాచా వెనకట మేకల బేరం చేసేవాడు. మోకాళ్లు అరిగాక మానేసి ఇంటిపట్టున ఉంటున్నాడు. ఆయనకు పావురాలంటే ప్రాణం. డాబా మీద చెక్కలతో గూళ్లు కట్టించాడు. పొద్దున్నా సాయంత్రమూ వాటిని వదిలి, వెదురుగడకు కట్టిన గుడ్డ ఊపుతూ ఈల వేస్తే గుంపంతా కాలనీ మీద చుట్లు కొట్టి మళ్లీ ఆయన దగ్గరికే దిగేది. మేం ఇప్పుడున్న ఇంటికి కిరాయికి వచ్చిన కొత్తలో, నాకు నెలలు నిండకముందే నొప్పులు మొదలయ్యాయి. మా ఆయన దూలపల్లిలో ఫ్యాక్టరీ డ్యూటీలో ఉన్నాడు. ఫోను కలవలేదు. చాచా తన ట్రాలీ ఆటోలో పరుపు పరిచి, గుంతలు తప్పిస్తూ, నన్ను ఆసుపత్రికి చేర్చాడు. దారిపొడుగునా చాచీ నా తల ఒడిలో పెట్టుకుని కూర్చుంది. నా కూతురిని డాక్టరమ్మ చేతుల్లోంచి ముందుగా అందుకున్నది చాచీయే. ఆ తరవాత ఆ ఇల్లు మాకు పొరుగిల్లులా ఎప్పుడూ లేదు.

డేగ వచ్చిన వారానికే చాచా గోడ మీదినుంచి పిలిచాడు.

"బేటీ, బాజ్ వచ్చింది సూసినవా? పొద్దుగాల నా కబూతర్లల్ల ఒకదాన్ని గాలిల్నే తన్నింది. కండ్ల ముందట. ఒక్క ఈక కూడ కింద పడనియ్యలే."

"చలికాలం అయిపోతే అదే పోతది చాచా. ఈడ ఉండేది కాదది."

"అది పోయేదాంక నా కబూతర్లు ఉండాలె గద?" అని నవ్వాడు. అప్పటికి ఇంకా నవ్వుతున్నాడు.

కొన్నాళ్లు వాటిని వదలడం మానేశాడు. గూళ్లలోనే ఉంచితే అవి డీలా పడిపోతున్నాయని, రెక్కలు కొట్టుకుని ఈకలు రాల్చుకుంటున్నాయని మళ్లీ వదిలాడు. కోతులను బెదిరించడానికి ఆయన దగ్గర పాత ఎయిర్‌గన్ ఒకటి ఉంది. అది టప్పుమని మోగడం కాలనీలో అందరికీ అలవాటే.

నేను మాత్రం సెలవు దొరికితే ఆ సగం మేడ ఎక్కేదాన్ని. గేటుకు తాళం లేదు, కట్టుతీగ చుట్టి ఉండేది. పైన లిఫ్టు గది పక్కన మేస్త్రీలు సామాను పెట్టుకోవడానికి కట్టుకున్న ఇటుకల అర ఉంది. సిమెంటు పుయ్యని గోడ. ఒకచోట ఇటుక ఊడిపోయి కెమెరా లెన్సు పట్టేంత సందు ఉంది. నల్లగుడ్డ కప్పుకుని అక్కడ కూర్చుంటే డేగ నన్ను గమనించేది కాదు. గమనించినా లెక్కచేసేది కాదు. నేను మొదటిసారి దాని ఊపిరిని చూశాను. రొమ్ము ఈకలు లేచి పడుతుండటం, కంటి చుట్టూ పసుపుపచ్చని వలయం, రెప్ప కిందినుంచి పైకి మూసుకోవడం. ఎండ పక్కనుంచి పడ్డప్పుడు ఆ కంట్లో నేను కూర్చున్న గోడ కనిపించేది.

ఒక ఆదివారం పొద్దున అది తెల్ల పావురాన్ని పట్టుకొచ్చింది. నేను కూర్చున్న గోడకు ఎదురుగా, స్లాబు అంచున పెట్టి ఈకలు పీకడం మొదలుపెట్టింది. గాలికి ఆ ఈకలు నా సందులోంచి లోపలికి వచ్చి ఒళ్లో పడ్డాయి. నా వేలు బటన్ మీదినుంచి లేవలేదు. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే ఒక ఫోటో అద్భుతంగా వచ్చింది. డేగ తల ఎత్తి సూటిగా చూస్తోంది, ముక్కు చివర ఒక చిన్న ఈక అంటుకుని ఉంది. దాని గోళ్ల కింద పావురం కాలు. ఆ కాలికి ఎర్రటి ప్లాస్టిక్ కడెం.

ఆ కడెం చాచా తొడిగింది. ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన తెల్ల ఆడపావురానిది. సజ్జలు ఆయన పెదాల మధ్యనుంచి తీసుకుని తినేది.

మా ఆయనకు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "చాచాకు చెప్పకు" అన్నాడు. "ఎట్లాగూ తిరిగి రాలేదంటే ఆయనకే అర్థమయి ఉంటది. ఇదెందుకు మళ్లా?"

చెప్పలేదు. పక్షుల ఫోటోలు తీసేవాళ్ల గ్రూపు ఒకటి ఫోన్‌లో ఉంటే అందులో పెట్టాను. ముక్కూ మొహం తెలియనివాళ్లు మెచ్చుకున్నారు. ఎక్కడ తీశారు, ఎంత దగ్గరినుంచి తీశారు అని అడిగారు. చోటు చెప్పలేదు. ఆ ఫోటో అక్కడినుంచి ఎవరెవరి ఫోన్లలోకో వెళ్లింది.

సంక్రాంతి సెలవులు అయిపోయి పిల్లలు బడికి పోతున్న రోజులు. పొద్దున్నే పైకెక్కాను. డేగ ఎప్పుడూ కూర్చునే లిఫ్టు గది అంచున లేదు. చూస్తే స్లాబు మీదనే, నీళ్లు నిలిచే మూలలో, నేల మీద నిలబడి ఉంది. నేను నా అరలోకి దూరకముందే అది నన్ను చూసింది. ఎగిరిపోతుందని కదలకుండా నిలబడ్డాను. ఎగరలేదు. ఒక అడుగు వేశాను. తల తిప్పి చూసిందంతే. వంగి, మోకాళ్ల మీద జరుగుతూ ఫోటోలు తీశాను. మరికొంచెం జరిగాను. ఇక లెన్సు పట్టనంత దగ్గరికి చేరిపోయాను. ముక్కు మీది చిన్న చిన్న గీతలు, కాలి పొలుసులు, కనుపాపలో తెల్లారే ఆకాశం, అన్నీ కనబడుతున్నాయి. ఇన్నాళ్లూ కోరుకున్నది ఇదే కదా అనిపించింది.

ఆ తరవాత తట్టింది. అడవిపక్షి ఏదీ ఇంత దగ్గరికి రానివ్వదు. కెమెరా దించి మామూలు కళ్లతో చూశాను. ఎడమ రెక్క కిందికి వేలాడుతోంది. ఈకల చివరలు సిమెంటుకు రాసుకుని చీలిపోయాయి. రెక్క మడత దగ్గర నెత్తురు ఎండి ఈకలు అట్టకట్టాయి. అది నన్ను రానివ్వలేదు, దానికి పోయే దారి లేక నిలబడింది.

మా ఆయనకు ఫోన్ చేస్తే అట్టపెట్టె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. నేను చున్నీ విప్పి మెల్లగా దాని మీద వేశాను. అంతసేపూ బొమ్మలా నిలబడ్డది ఒక్కసారిగా వెల్లకిలా పడి కాళ్లు చాపి కొట్టింది. గోళ్లు చున్నీ దాటి నా అరచేతిలో దిగాయి. విడిపించుకోవడానికి లాగితే ఇంకా బిగించింది. మా ఆయన ఒక్కొక్క వేలూ విప్పితే గానీ వదల్లేదు. పెట్టెలో పెట్టి మూత వేశాక, చీకటికి అది కదలకుండా ఉండిపోయింది. నా చేతినుంచి కారిన నెత్తురు అట్ట మీద పడింది. మా ఇద్దరిదీ కలిసిపోయి ఏది ఎవరిదో తెలియలేదు.

మేడ్చల్‌లో పశువుల డాక్టరు ఒకాయన గేదెలకూ కుక్కలకూ చూస్తాడు. పెట్టె మూత తీసి చూసి నిట్టూర్చాడు. "ఎముక ఇరిగినట్టుంది. ఎట్ల ఇరిగిందో ఫిల్మ్ తీస్తే గని చెప్పలేను. నా దగ్గర మిషన్ లేదమ్మా."

మా ఆసుపత్రి పెద్ద డాక్టరుగారికి ఫోన్ చేసి అడిగాను. ఆయన నవ్వారు. "పేషెంటు పేరేం రాస్తవమ్మా?" అని, ఓపీ అయిపోయాక తీసుకొమ్మన్నారు. మధ్యాహ్నం గది ఖాళీ అయ్యాక బల్ల మీద దుప్పటి పరిచాం. పశువుల డాక్టరు దాని తల మీద గుడ్డ కప్పి, కాళ్లు పట్టుకుని, రెక్క మెల్లగా చాపాడు. పసిపిల్లల చేతికి పెట్టే ఎక్స్‌రే మోతాదు కన్నా తక్కువ పెట్టి తీశాను. ఊపిరి బిగబట్టమని దానికి చెప్పలేను కాబట్టి నేనే బిగబట్టాను.

తెర మీద రెక్క వచ్చింది. ఎంత సన్నని ఎముకలో. లోపల గాలి తప్ప ఏమీ లేనట్టు, పెన్సిల్‌తో గీసినట్టు ఉన్నాయి. ముంజేతి ఎముక రెండు ముక్కలై ఒకదాని మీదికి ఒకటి ఎక్కింది. దాని పక్కనే, కండలో, తెల్లగా మెరుస్తూ ఒక చుక్క. పెద్దది చేశాను. నడుము సన్నగా, రెండు వైపులా వెడల్పుగా, బొమ్మ డమరుకంలా ఉంది.

"ఛర్రా," అన్నాడు పశువుల డాక్టరు. "ఎయిర్‌గన్ గుండు. ఎవడో కొట్టిండు."

తుపాకీ ఎవరిదో ఊహించడానికి కష్టపడాల్సిన పని లేదు.

చట్టం ప్రకారం అటవీశాఖకు చెప్పాలన్నాడు డాక్టరు. చెప్పాడు. సాయంత్రానికి వాళ్లు వచ్చి పెట్టె తీసుకుని, నగరానికి అవతల పక్షులకు వైద్యం చేసే చోటికి పంపించారు. ఎక్కడ దొరికింది, ఎలా ఉంది అని ఆఫీసరు నన్ను అడిగాడు. చెప్పాను. "కొట్టింది ఎవరో తెలుసా మేడం?" అన్నాడు. "రేపు ఆఫీసుకొచ్చి చెప్తాను సార్" అన్నాను. ఆయన నా మొహంకేసి చూసి సరేనన్నాడు.

చేతికి కట్టుతోనే చాచా ఇంటికి వెళ్లాను. పొద్దు వాలుతోంది. పావురాలకు సజ్జలు చల్లుతున్నాడు. చాచీ మెట్ల మీద కూర్చుని ఉంది. నా చెయ్యి చూసి, "హాయ్ అల్లా, ఏమైంది బిడ్డా?" అంటూ లేచింది.

"డేగ పట్టుకున్నది చాచీ." చాచా వైపు తిరిగాను. "దాన్ని కొట్టింది నువ్వేనా చాచా?"

సజ్జల డబ్బా కింద పెట్టాడు. "కొట్టిన. నీకెందుకు దాస్త? మళ్లొస్తే మళ్ల కొడ్త."

"అది నేరం చాచా. జైల్లేస్తరు."

"నా కబూతర్లను పీక్క తినేది నేరం కాదా?"

"దానికేం తెలుస్తది? దాని తిండి అది తింటది."

"దానికి తెల్వదు బేటీ. నీకు తెలుసు గద?" గొంతు పెంచలేదు. మామూలుగానే అన్నాడు. "నా సఫేద్ కబూతర్ సచ్చేటప్పుడు నువ్వు ఆడనే ఉన్నవ్. గోడ అవుతల కూసోని ఫోటో కొడుతున్నవ్. ఉష్ అన్నా ఎగిరిపోతుండె అది."

"అప్పటికే చచ్చిపోయింది చాచా. చంపినంకనే పైకి తెచ్చింది," అన్నాను. అది నిజమే. కానీ ఆ మాట నోట్లోంచి వచ్చాక ఎందుకో నిజంలా వినబడలేదు.

"అయితే వచ్చి నాకు చెప్పాలె. బౌరంపేట్‌ల మా చెల్లె ఇంట్ల పిల్లలు ఫోన్ల సూపిచ్చిండ్రు. మస్తుంది మామూ, సూడు అని. కడెం సూడంగనే గుర్తు వట్టిన. కెమెరా పట్టుకోని ఆ మేడ ఎక్కేది నువ్వొక్కదానివే గద. అందరు మస్తుంది మస్తుంది అంటుండ్రు. నేను గూడ మస్తుంది అన్న."

"రెండు దినాలు బువ్వ ముట్టలే," అంది చాచీ నెమ్మదిగా.

పావురాలు మా కాళ్ల మధ్యనే గింజలు ఏరుకుంటున్నాయి.

ఇంటికి వచ్చేసరికి కాలనీ అసోసియేషన్ సెక్రటరీ మా వరండాలో కూర్చుని ఉన్నాడు. అటవీశాఖ జీపు వచ్చిందని ఎవరో చెప్పారట. మా ఆయన ఇచ్చిన చాయ్ తాగుతూ ఎంతో ఆప్యాయంగా మొదలుపెట్టాడు.

"మేడం, మంచి పని చేసిండ్రు. ఇగ మీరు గట్టిగ కంప్లైంట్ రాయిండ్రి. ఆ పావురాల గలీజుతోని ట్యాంకులన్ని ఖరాబైతున్నయ్. ఎన్నిసార్లు చెప్పినా ఇనడు. ఈ దెబ్బతోని ఇల్లు అమ్ముకోని పోతడు. ఎనక ముందు మనోళ్లెవరన్న కొనుక్కుంటరు."

"మనోళ్లంటే?" అన్నాను.

నవ్వాడు. "తెలిసి గూడ అడుగుతరేంది మేడం. వాళ్లకు కోసుడు, కొట్టుడు అలవాటే గద. మనం నోరు లేని జీవాలంటే పానం ఇడుస్తం."

వరండా గోడకు అవతల చాచా దగ్గుతున్న శబ్దం వినిపిస్తోంది. డేగ కోసం పొద్దుటినుంచి నేను పడ్డ బాధను ఈయన తన జేబులో వేసుకుని లేచిపోబోతున్నాడని అర్థమైంది. ఒళ్లంతా మండింది. "డేగ గురించి ఒక్క మాట అడగలేదు మీరు. బతికిందా సచ్చిందా అని గూడ," అన్నాను. ఆయన కప్పు కింద పెట్టి, మా ఆయన వైపు చూసి, వెళ్లిపోయాడు.

ఆ పూట మా ఇంట్లో అన్నం సరిగా దిగలేదు. మా ఆయన "తెలియదని చెప్పెయ్యి" అన్నాడు. "ఆయన ట్రాలీ ఆటో లేకపోతే ఆరోజు నువ్వూ, పిల్లా..." అని ఆగాడు. నిజమే. తెలియదని చెబితే డేగ రెక్క విరగ్గొట్టడం ఏమీ కానట్టే అవుతుంది. పేరు చెబితే సెక్రటరీ చేతికి కర్ర ఇచ్చినట్టవుతుంది. ఏ వైపు తిరిగినా ఎవరో ఒకరు తెర మీది ఆ ఎముకలా విరిగి కనిపిస్తున్నారు.

తెల్లవారగానే మళ్లీ చాచా దగ్గరికి వెళ్లాను. "నేను చెప్తే అది కంప్లైంట్ అయితది. నువ్వే వచ్చి చెప్పు చాచా. గన్ను గూడ ఇచ్చెయ్. నేను పక్కనే ఉంట."

"నేనేమన్న దొంగనా?" అని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

నేను స్కూటర్ తీసి బయల్దేరబోతుంటే ఆ తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ, టోపీ పెట్టుకుని, దుప్పట్లో చుట్టిన ఎయిర్‌గన్ చంకలో పెట్టుకుని వచ్చాడు. పండగ నమాజుకు వెళ్లే బట్టలు అవి. నావైపు చూడకుండా ట్రాలీ ఆటో స్టార్ట్ చేశాడు. ఆయన వెనకాల నేను.

ఆఫీసులో ఆయన దాచకుండా చెప్పాడు. నేను కొట్టిన, నా పావురాలను తిన్నది కాబట్టి కొట్టిన, అన్నాడు. ఆఫీసరు కసురుకోలేదు గానీ సాయంత్రందాకా బెంచీ మీద కూర్చోబెట్టాడు. నేనూ అదే బెంచీ చివర కూర్చున్నాను. మధ్యలో నీళ్ల సీసా పెట్టాను. ముట్టలేదు. కేసు రాశారు, జరిమానా కట్టించుకున్నారు, తుపాకీ ఉంచేసుకున్నారు, మళ్లీ ఇలాంటిది జరిగితే వదిలిపెట్టం అన్నారు. మోకాళ్లు పట్టేసి ఆయన బెంచీ మీదినుంచి ఒక పట్టాన లేవలేకపోయాడు. చెయ్యి ఇవ్వబోయాను. గోడ పట్టుకుని లేచాడు.

ఇల్లు చేరేసరికి నా ఫోన్ నిండా మెసేజీలు. కాలనీ గ్రూపులో ఫోటో ఒకటి తిరుగుతోంది. బెంచీ మీద చాచా, తల దించుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని. కిటికీ బయటినుంచి ఎవరో ఫోన్‌తో తీశారు. చాలా దగ్గరగా తీశారు. గడ్డం మీది చెమట కూడా కనిపిస్తోంది. కింద 'పక్షుల హంతకుడు దొరికాడు' అని రాశారు. బొటనవేళ్లు, చప్పట్లు కొడుతున్న చేతులు వరసగా వస్తున్నాయి. ఇంకా రాయకూడని మాటలు కూడా కొందరు రాశారు. ఫ్రేములో బెంచీ చివర నా చున్నీ అంచు కనిపిస్తోంది, నన్ను మాత్రం కత్తిరించేశారు.

నేను సెక్రటరీ ఇంటికి నడిచి వెళ్లాను. వాళ్లింట్లో భోజనాలు చేస్తున్నారు. గుమ్మంలో నిలబడే అన్నాను. "ఆ ఫోటో తీసెయ్యండి. ఆయన తనంతట తను వచ్చి ఒప్పుకున్నడు. అది గూడ రాయండి. లేకుంటే అదే ఆఫీసుకు పోయి మీరు మా ఇంట్ల కూసోని ఏమన్నరో నేను చెప్పొస్త."

ఆయన భార్యే ఫోన్ అందుకుని ఫోటో తీసేయించింది. అప్పటికే అది ఎంతమంది ఫోన్లలో ఉందో ఎవరికి తెలుసు. చాచా ఫోన్‌లో కూడా వచ్చి ఉంటుందని తరవాత తట్టింది. తప్పకుండా వచ్చి ఉంటుంది.

ఆ చలికాలం అలాగే గడిచిపోయింది. చాచీ ఎప్పటిలా గోడ మీదినుంచి ఖీర్ గిన్నె అందించేది. నా కూతురు ఎప్పటిలా వాళ్ల డాబా మీద ఆడుకునేది. చాచా మాత్రం నేను కనబడితే పక్కకు తిరిగి పనేదో పెట్టుకునేవాడు. పావురాలను వదిలేవాడు. ఈల వినిపించేది. బజారులో ఇద్దరు ముగ్గురు ఆయనతో మాట్లాడటం మానేశారని, కిరాణా కొట్టులో ఎవరో వెకిలిగా బుల్ బుల్ అని పిట్టకూత కూశారని మా ఆయన చెప్పాడు. డేగ ఫోటోను నేను గ్రూపులోంచి తీసేశాను. దాని గురించి మళ్లీ ఎవరూ అడగలేదు. కొత్త ఫోటోలు వచ్చాయి.

డేగను చూడటానికి ఒకసారి వెళ్లాను. ఎముకకు సన్నని కడ్డీ వేసి కట్టు కట్టారు. గది మూల ఒక దుంగ మీద కూర్చుని ఉంది. అతికిన ఎముక వంకరగా అతికిందని, ఇక ఆకాశంలో వేటాడేంత వేగం దానికి రాదని అక్కడివాళ్లు చెప్పారు. వలతో అల్లిన తలుపులోంచి చూశాను. కన్ను మాత్రం అలాగే ఉంది. అది నన్ను ఆ మేడ మీదినుంచి గుర్తుపట్టిందని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు, అనుకోవాలనీ అనిపించలేదు. ఎండలు ముదిరాక ఒకరోజు పశువుల డాక్టరు ఫోన్ చేశాడు. కొన్నాళ్లుగా తిండి మానేసిందట. పొద్దున చూసేసరికి దుంగ కింద పడి ఉందట.

ఆ మాట చాచాకు చెప్పాలా వద్దా అని డ్యూటీకి తయారవుతున్నంతసేపూ ఆలోచించాను. తెల్ల పావురం సంగతి చెప్పనందుకు ఏమైందో చూశాను కదా. వెళ్లాను. ఆయన డాబా మీద పావురాల గూళ్లకు పైనుంచి ఇనుప జాలీ బిగిస్తున్నాడు. చాచీ నీడలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"డేగ చచ్చిపోయింది చాచా," అన్నాను.

సుత్తి ఆగిపోయింది. చాచీ "పాపం" అంది. చాచా సుత్తి కింద పెట్టాడు.

"ఏం పెట్టిండ్రు దానికి?" అని అడిగాడు.

"కోడిమాంసం పెట్టిండ్రంట. ఆఖరుకు అది గూడ ముట్టలేదంట."

తల ఊపాడు. మొహం తుడుచుకున్నాడు. అంత ఎండలో ఎవరైనా తుడుచుకుంటారు. తరవాత, బెంచీ మీద కూర్చున్న ఆ రోజునుంచీ మొదటిసారి, నా కళ్లలోకి చూశాడు.

"బేటీ, నేను దాన్ని బెదిరిద్దామనే కొట్టిన. గోడకు గురి పెట్టిన. అది గప్పుడే లేచింది. నమ్ముతవా?"

కొట్టిన, మళ్లొస్తే మళ్ల కొడ్త అన్న మనిషే ఇలా అడుగుతున్నాడు. నేను చాచీ వైపు చూశాను. ఆమె తల ఎత్తలేదు. బియ్యంలో వేలు ఒకచోటే ఆగిపోయింది. అది అబద్ధమయినా, ఇన్ని నెలలు మోసి మోసి ఆయన దాన్ని నిజం చేసుకుని ఉండొచ్చు. నిజమే అయితే, ఆరోజు కోపంలో నేను అడిగిన తీరుకు ఆయన ఇంకో సమాధానం చెప్పి ఉండేవాడు కాదు.

"నమ్ముతున్న చాచా," అన్నాను.

నమ్మానో లేదో అప్పుడు తెలియలేదు. ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆయన "ఆ కొస జర పట్టు" అని జాలీ అవతలి చివర చూపించాడు. పట్టుకున్నాను. బిరుసు తీగ, వదిలితే చుట్టుకుపోతోంది. డ్యూటీకి ఆలస్యమవుతోందని తెలుసు. ఆ వైపు మేకులు కొట్టడం అయ్యేదాకా వదల్లేదు.